తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తూ ఏ కోర్సులో చేరాలి, దేన్ని వదిలేయాలి?

పోయిన నెలలో ఒక సాయంత్రం బాలాజీ కాలనీలో నడిచి వస్తుంటే మా డిపార్ట్‌మెంట్ జూనియర్ అమ్మాయి ఎదురైంది. టీ తాగుదామని ఆగాం. కూర్చోగానే ఫోన్ తీసి నా ముందు పెట్టింది. అందులో మూడు స్క్రీన్‌షాట్లు ఉన్నాయి. ఒకటి రెండు రోజుల రిసెర్చ్ మెథడాలజీ వర్క్‌షాప్, చివర్లో సర్టిఫికెట్ ఇస్తారు. ఇంకొకటి ఎన్‌పీటెల్‌లో, అంటే ఐఐటీల వాళ్లు నడిపే ఆన్‌లైన్ పాఠాల్లో, 12 వారాల కోర్సు. మూడోది ఆరు నెలల ఆన్‌లైన్ డేటా అనలిటిక్స్ కోర్సు. ఫీజు 40 వేలు దాటింది, ఈఎంఐలో కట్టొచ్చట.

"అక్కా, మూడిట్లో ఏది చేరమంటావు? అందరూ ఏదో ఒకటి చేస్తున్నారు. నేనొక్కదాన్నే వెనకబడిపోతున్నానేమో అని టెన్షన్‌గా ఉంది" అంది.

నేను తిరిగి ఒకటే అడిగాను. "ఇప్పుడు నీ పని ఎక్కడ ఆగింది?"

కాసేపు గ్లాసు వైపు చూస్తూ ఉండిపోయింది. "సర్వే అయిపోయిందక్కా. ఫారాలన్నీ హాస్టల్లో బీరువాలో పెట్టాను. వాటిని ఏం చేయాలో తెలీడం లేదు. గైడ్ సార్‌ని అడగాలంటే భయంగా ఉంది."

నొప్పి ఒకచోట ఉంటే మందు ఇంకోచోట వెతుకుతోంది. నేనూ స్కాలర్‌గా ఉన్న మొదటి రెండేళ్లు ఇదే చేశాను. ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతున్నాను. చిత్తూరు ప్రాంతంలో తోతాపురి మామిడి రైతుల ధరల మీద నా థీసిస్. ఆ రోజుల్లో ఎవరైనా పక్కన కూర్చోబెట్టి ఏది దేనికి పనికొస్తుందో విడమరిచి చెప్పి ఉంటే నాకు కనీసం ఏడాది కలిసొచ్చేది. అందుకే ఆ అమ్మాయికి చెప్పిందంతా ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు చేతిలో ఏముందో చూసుకోండి

యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2022 నవంబరులో కొత్త పీహెచ్‌డీ నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం కోర్స్ వర్క్‌తో కలిపి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. ఆ తర్వాత రీ-రిజిస్ట్రేషన్ మీద ఇంకో రెండేళ్లు ఇవ్వొచ్చు, మహిళలకు దానిమీద మరో రెండేళ్ల వెసులుబాటు ఉంది. కోర్స్ వర్క్‌కి కనీసం 12 క్రెడిట్లు, అందులో 55 శాతం మార్కులు రావాలి. రిసెర్చ్ మెథడాలజీ, పరిశోధన-ప్రచురణ నైతికత అందులోనే ఉంటాయి. ఇదంతా చాలామందికి తెలిసిందే.

అదే నిబంధనల్లో ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ప్రతి స్కాలర్ తన సబ్జెక్టులో బోధన మీద, రాత మీద శిక్షణ పొందాలి. ట్యుటోరియల్, ల్యాబ్, పేపర్లు దిద్దడం లాంటి పనులకు వారానికి 4 నుంచి 6 గంటలు స్కాలర్‌కి అప్పగించవచ్చు. అంటే డబ్బు పెట్టి బయట కొనుక్కోవాలని చూస్తున్న శిక్షణలో సగం మన డిపార్ట్‌మెంట్‌లో మన హక్కుగానే ఉంది. అడిగేవాళ్లు లేక అది కాగితం మీదే ఉండిపోతోంది. ఏదైనా కోర్సుకి ఫీజు కట్టేముందు హెచ్ఓడీ గదికి వెళ్లి "సార్, ఈ సెమిస్టర్‌లో నాకొక ట్యుటోరియల్ క్లాసు ఇవ్వండి" అని అడగండి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

ఇక పోలికలోకి వెళ్దాం. నేను ప్రతిదాన్నీ చూసే కొలత ఒకటుంది. అక్కడ నా సొంత పనిని చూసి, తప్పు ఎక్కడుందో వేలుపెట్టి చూపించే మనిషి ఉన్నారా? వీడియో బాగుందా, పేరున్న సంస్థా, సర్టిఫికెట్ మీద లోగో ఎవరిది అన్నవి దాని తర్వాతే. ఈ కొలతతో చూస్తే ఖరీదైనవి కొన్ని కిందికి దిగుతాయి, పైసా ఖర్చులేనివి పైకి వస్తాయి.

రెండు రోజుల వర్క్‌షాపా, 12 వారాల కోర్సా, పది రోజుల శిబిరమా?

రెండు రోజుల వర్క్‌షాప్‌ల సంగతి ముందు చెప్పేస్తాను. మొదటి రెండేళ్లలో నేను 11 సర్టిఫికెట్లు పోగేశాను. వాటన్నిటికీ ఒక ప్లాస్టిక్ ఫైల్ ఉండేది. రెండో ఏడాది చివర్లో రిసెర్చ్ కమిటీ ముందు నా మొదటి ఫలితాలు చూపిస్తున్నాను. కమిటీలో ఒక మేడం పట్టికలో ఒక అంకె మీద పెన్ను పెట్టి, "ఈ పీ వాల్యూ 0.03 అంటే ఏమిటమ్మా, మీ మామిడి రైతు భాషలో చెప్పు" అన్నారు. నోట మాట రాలేదు. ఆ మాట మీద కనీసం నాలుగు వర్క్‌షాప్‌లలో లెక్చర్ విన్నాను. విన్నానే తప్ప ఒక్కసారీ నా డేటా మీద నేను చేసి ఎవరికీ చూపించలేదు. ఆ రోజు ఆవిడ కోప్పడలేదు. "ఇంకో నెల టైం తీసుకో" అన్నారు. ఆ మాటే ఎక్కువ బాధ పెట్టింది.

అందుకని రెండు రోజులవి పూర్తిగా వృథా అనను. ఒక సాఫ్ట్‌వేర్ ఎలా ఉంటుందో తొలిసారి చూడ్డానికి, ఆ రంగంలో ఎవరెవరున్నారో పరిచయం చేసుకోడానికి పనికొస్తాయి. ఏడాదికి ఒకటి చాలు. వెళ్లేటప్పుడు మీ డేటా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకొని వెళ్లండి. భోజనం టైంలో రిసోర్స్ పర్సన్ దగ్గర పదిహేను నిమిషాలు అడిగి తీసుకోండి. ఆ పదిహేను నిమిషాలే ఆ వర్క్‌షాప్‌లో అసలు క్లాసు.

ఎన్‌పీటెల్, కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక స్వయం, వీటి కోర్సులు వేరే రకం. చేరడం ఉచితం. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు, ఎన్‌పీటెల్‌లో కోర్సుకి 1,000 రూపాయలు. 4, 8, 12 వారాల కోర్సులుంటాయి. ఒక బ్యాచ్ జనవరిలో, ఇంకొకటి జూలైలో మొదలవుతాయి. వారం వారం అసైన్‌మెంట్ గడువులోపు పెట్టాలి. అసైన్‌మెంట్లకు 25, కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75 లెక్కన మార్కులు కలుపుతారు. ఈ గడువులే వీటి బలం. నా అంతట నేను పుస్తకం తీసి స్టాటిస్టిక్స్ చదువుదామని మూడుసార్లు మొదలుపెట్టి మూడో అధ్యాయం దగ్గర ఆపేశాను. ఎన్‌పీటెల్‌లో మాత్రం బుధవారం రాత్రి అసైన్‌మెంట్ మూసేస్తారని తెలిసి, ఇంట్లో పండగ పనుల మధ్య కూడా కూర్చొని పూర్తి చేశాను.

వీటిలో లోటు కూడా ఉంది. అసైన్‌మెంట్లు ఎక్కువగా నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునేవి. మీ థీసిస్ డేటా వాళ్లకి తెలీదు, మీ రెండో అధ్యాయం వాళ్లు చదవరు. పునాది పడుతుంది, ఇల్లు కట్టుకోవడం మీ పని. కాబట్టి పునాది లేనివాళ్లకు, అంటే డిగ్రీలో, పీజీలో లెక్కలు, స్టాటిస్టిక్స్ తగలనివాళ్లకు ఇదే నా మొదటి సలహా. పునాది ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లకుండా నేరుగా తర్వాతిదానికి వెళ్లొచ్చు.

తర్వాతిది అంటే పది రోజుల శిబిరాలు. సోషల్ సైన్సెస్ వాళ్లకు ఐసీఎస్ఎస్ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) సహాయంతో దేశమంతా యూనివర్సిటీల్లో పది రోజుల రిసెర్చ్ మెథడాలజీ కోర్సులు పీహెచ్‌డీ స్కాలర్ల కోసమే జరుగుతాయి. సీట్లు తక్కువ, దరఖాస్తుతో పాటు గైడ్ సంతకం, మీ పరిశోధన గురించి ఒక పేజీ అడుగుతారు. నేను వెళ్లినచోట క్లాసులో ముప్పై మందిమి. నాలుగో రోజు నుంచి ఎవరి డేటా వాళ్లు తెరిచి కూర్చున్నాం. సాయంత్రం హాస్టల్ వరండాలో ఒకరి పట్టికలు ఒకరు చూసుకునేవాళ్లం. కమిటీ మేడం అడిగిన ప్రశ్నకి జవాబు నాకు అక్కడ దొరికింది, ఎనిమిదో రోజు రాత్రి, కేరళ నుంచి వచ్చిన ఒక స్కాలర్‌కి నా పట్టిక వివరిస్తుండగా. పొలం సైజుకీ రైతుకు దక్కిన ధరకీ నిజంగా ఏ సంబంధమూ లేదనుకుందాం. అప్పుడు కూడా నా పట్టికలో కనిపించినంత, లేదా అంతకంటే ఎక్కువ తేడా ఊరికే కాకతాళీయంగా కనపడే అవకాశం నూటికి మూడు పాళ్లు. అంతే ఆ అంకె. రైతుకి కూడా అర్థమయ్యేటంత చిన్న మాట.

పది రోజులు డిపార్ట్‌మెంట్‌కి దూరంగా ఉండాలి, ప్రయాణం, రైలు టికెట్లు, ఇంట్లో పిల్లలుంటే వాళ్ల ఏర్పాట్లు. ఆడవాళ్లకి ఇది చిన్న విషయం కాదు, నాకు తెలుసు. ఐనా థీసిస్ మొత్తంలో ఒక్కసారి వెళ్లగలిగితే, డేటా చేతికొచ్చిన తర్వాత వెళ్లండి. మొదటి ఏడాదిలో వెళ్తే విన్నది నిలబడ్డానికి కింద ఏమీ ఉండదు.

సైన్స్ వాళ్లకు ఇదే లెక్క కొంచెం మారుతుంది. మూడు రోజుల ఇన్‌స్ట్రుమెంటేషన్ వర్క్‌షాప్‌లో ఇరవై మంది చుట్టూ నిలబడి మెషీన్ చూడ్డం కంటే, పక్క ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని బతిమాలి మీ శాంపిల్ ఒక్కటి మీ చేత్తో రన్ చేయడం మేలు.

40 వేల కోర్సు మాటేమిటి?

ప్రైవేటు డేటా అనలిటిక్స్ కోర్సుల్లో మంచివీ ఉండొచ్చు. కాకపోతే అవి తయారయ్యింది కంపెనీ ఉద్యోగం కోసం. అందులో ఎదురయ్యే డేటా ముందే శుభ్రంగా తుడిచిపెట్టి ఉంటుంది. మన డేటా అలా ఉండదు.

నా దగ్గర జరిగింది చెప్తాను. దామలచెరువు మామిడి మార్కెట్ చుట్టుపక్కల రైతుల దగ్గర నేను సేకరించిన ఫారాల్లో దిగుబడి కాలమ్ ఒకటి ఉంది. కొందరు రైతులు టన్నుల్లో చెప్పారు, కొందరు కిలోల్లో. ఎండలో నిలబడి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకొని వచ్చాను. ఎక్సెల్‌లో ఎక్కించేటప్పుడు 6 పక్కన 5,500 వచ్చి కూర్చుంది. ఒకటి టన్నులు, ఇంకొకటి కిలోలు. సగటు తీస్తే ఒక్కో రైతు కొండంత పంట పండించినట్టు వచ్చింది. నాకు రెండు వారాలు అర్థం కాలేదు, సాఫ్ట్‌వేర్‌లో ఏదో తప్పు ఉందనుకున్నాను. చివరికి స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్‌లో ఒక సీనియర్ అన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. కాలమ్‌ని చిన్నదాని నుంచి పెద్దదానికి సర్ది, కిందికి స్క్రోల్ చేశాడు. అంకెలు 9 దగ్గర ఆగి ఒక్కసారిగా 2,000కి దూకాయి. "ఇదిగో, ఇక్కడ నీ యూనిట్ మారింది" అన్నాడు. పట్టింది గంట, అయిన ఖర్చు రెండు టీలు.

తర్వాత అదే అన్న దగ్గర నేర్చుకున్న అలవాటు ఇప్పటికీ ఉంది. డేటా ఎక్కించగానే ఏ లెక్కా చేయకుండా ప్రతి కాలమ్‌నీ ఒకసారి సర్ది, అన్నిటికంటే చిన్న అంకె, పెద్ద అంకె చూస్తాను. ఏ 40 వేల కోర్సులోనూ మామిడి టన్నుల సంగతి ఉండదు.

సాఫ్ట్‌వేర్ విషయంలో నా పక్షపాతం చెప్పేస్తాను. ఎస్పీఎస్ఎస్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌కి లైసెన్సు కావాలి. డిపార్ట్‌మెంట్‌లో ఉన్నంతకాలం సరే, బయటికొచ్చాక మీ చేతిలో ఉండదు. దొంగ కాపీ పెట్టుకొని థీసిస్ రాయడం మంచిది కాదు. అదే పనికి వాడే ఆర్ (R) పూర్తిగా ఉచితం, పైథాన్ కూడా. మ్యాపులు కావాలంటే క్యూజిస్ ఉచితం. రిఫరెన్సుల కోసం జొటెరో ఉచితం. ఆర్ మొదట్లో కష్టంగా అనిపిస్తుంది, రెండు నెలలు చిరాకు పెడుతుంది. కానీ చేసిన ప్రతి అడుగూ ఫైల్‌లో రాసి ఉంటుంది. ఏడాది తర్వాత వైవాలో (థీసిస్ మీద మౌఖిక పరీక్షలో) "ఈ అంకె ఎలా వచ్చింది?" అని అడిగితే చూపించగలరు. ఎస్పీఎస్ఎస్‌లో మెనూలు నొక్కుకుంటూ పోయినవాళ్లకు ఆ దారి చాలాసార్లు గుర్తుండదు. సర్వే డేటా చిన్నదైతే, కేవలం శాతాలు, సగటులే కావాలంటే ఎక్సెల్‌లో పివట్ టేబుల్ బాగా నేర్చుకుంటే చాలు, దానికి సిగ్గుపడాల్సిన పనిలేదు. ఒక్క జొటెరో మాత్రం మొదటి వారంలోనే పెట్టుకోండి. ఆఖరి నెలలో మూడు వందల రిఫరెన్సులు చేత్తో సర్దిన స్నేహితురాలి కళ్లు చూశాను.

పెయిడ్ కోర్సు ఎవరికి? పీహెచ్‌డీ తర్వాత అధ్యాపక వృత్తి వద్దు, కంపెనీలకు వెళ్తాను అని మీరు గట్టిగా నిర్ణయించుకొని ఉంటే, ఆఖరి ఏడాదిలో థీసిస్ సమర్పించాక చేరండి. ఫెలోషిప్ లేనివాళ్లు ఈఎంఐ పెట్టుకొని చేరవద్దు. జేఆర్ఎఫ్ (జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్) 2023 జనవరి నుంచి నెలకు 37,000, ఎస్ఆర్ఎఫ్ (సీనియర్) అయ్యాక 42,000 రూపాయలు. అది వస్తున్నవాళ్లకే ఈ ఫీజు బరువు, రానివాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

ఇదే వరసలో ఇంకోటి చెప్పాలి. "మీ డేటా ఇవ్వండి, అనాలిసిస్ చేసిస్తాం, పేపర్ రాసి పబ్లిష్ చేయిస్తాం" అని ఫోన్ నంబర్లు గోడల మీద, వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. అది నైపుణ్యం కాదు, దాన్ని తప్పించుకునే దారి. వైవాలో మీరొక్కరే ఉంటారు. కాపీ పట్టుబడితే యూజీసీ 2018 నిబంధనలున్నాయి. థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం లోపు ఉంటే సరే. 10 నుంచి 40 దాకా ఐతే ఆరు నెలల్లోపు సరిచేసి ఇవ్వాలి. 40 నుంచి 60 ఐతే ఏడాదిపాటు సమర్పించనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. పైగా థీసిస్ సమర్పించాలంటే ముందు పేపర్ పబ్లిష్ చేసి తీరాలన్న షరతు యూజీసీ 2022 నిబంధనల్లో లేదు. మీ యూనివర్సిటీ సొంత నిబంధన ఏముందో ఆఫీసులో అడిగి తెలుసుకోండి, భయపడి డబ్బు కట్టకండి.

రాత: ఇంగ్లిష్ కోచింగా, నలుగురి కూటమా?

నాకు అన్నిటికంటే ఎక్కువ చెప్పాలని ఉన్నది ఇక్కడ. మనలో చాలామంది పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఐరాల నుంచో, పుంగనూరు నుంచో, సత్యవేడు నుంచో వచ్చి ఇక్కడ చేరినవాళ్లం. థీసిస్ ఇంగ్లిష్‌లో రాయాలి. ఆ భయంతో స్పోకెన్ ఇంగ్లిష్‌లో చేరతాం. నేనూ చేరాను, మూడు నెలలు. కొత్తవాళ్లతో ధైర్యంగా మాట్లాడటం వచ్చింది, దానికి కృతజ్ఞురాలిని. థీసిస్ మాత్రం ఒక్క పేజీ ముందుకు జరగలేదు. మాట్లాడే ఇంగ్లిష్ వేరు, ఒక వాదనని వరసగా పేర్చడం వేరు. రెండోది భాష కంటే ముందు ఆలోచనకు సంబంధించింది.

అది నాకు నేర్పింది ఒక ఆదివారం కూటమి. మేం నలుగురం. నేను, వెటర్నరీ యూనివర్సిటీలో ఒక అమ్మాయి, పద్మావతి మహిళా యూనివర్సిటీ నుంచి ఒక సోషల్ వర్క్ స్కాలర్, మా ఎస్వీ యూనివర్సిటీ (ఎస్వీయూ) లోనే బోటనీలో ఒక తమ్ముడు. ప్రతి ఆదివారం పొద్దున ఎనిమిదింటికి క్యాంపస్‌లో చెట్టు కింద అరుగు మీద కూర్చునేవాళ్లం. నియమం ఒక్కటే, ప్రతి ఒక్కరూ ఒక పేజీ తేవాలి. ఒక్క పేజీ, ఎక్కువ కాదు. ఒకరు బిగ్గరగా చదువుతారు, మిగిలినవాళ్లు పెన్సిల్‌తో దిద్దుతారు.

మొదటి వారం నా పేజీ మొదటి పేరాలో 'తోతాపురి చాలా ముఖ్యమైన పంట' అన్న మాట మూడు రూపాల్లో ఉంది. వెటర్నరీ అమ్మాయికి మామిడి గురించి ఏమీ తెలీదు. ఆమె ఆ మూడింటి కిందా గీతలు గీసి పక్కన రెండే మాటలు రాసింది: 'ఎవరికి ముఖ్యం?' నేను కొంచెం నొచ్చుకొని, "రైతుకి, పల్ప్ ఫ్యాక్టరీకి, ఎగుమతికి, అందరికీ" అన్నాను. "ఐతే ముగ్గురికీ ఒకే ధర ముఖ్యమా?" అంది. అక్కడే ఆగిపోయాను. రైతుకి ధర పెరగాలి, ఫ్యాక్టరీకి తగ్గాలి. నా థీసిస్ మొత్తం ఆ రెండింటి మధ్య లాగులాట గురించే, కానీ మొదటి పేరాలో అది లేదు. ఇంటికెళ్లి ఆ పేరా కొట్టేసి కొత్తగా రాశాను. కాయ కోతకొచ్చాక చెట్టు మీద ఆగదు, ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు వరసలో ఆగుతాయి, ఆ ఆగిన ప్రతి రోజూ రైతు బేరం బలం తగ్గుతుంది. ఇదీ కొత్త మొదలు. ఇంగ్లిష్‌లో చిన్నచిన్న వాక్యాలే. మా గైడ్ గారు మొదటిసారి ఆ పేజీ మీద ఎర్ర ఇంకు లేకుండా తిరిగిచ్చారు.

మన సబ్జెక్టు తెలియని మనిషి చదవడం వల్లే అది జరిగింది. మన డిపార్ట్‌మెంట్ వాళ్లకు మనం మింగేసిన మాటలు కూడా అర్థమైపోతాయి, అందుకే వాళ్లకు ఆ ఖాళీ కనపడదు. తిరుపతిలో ఉన్న అదృష్టం ఇదే. ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ, వెటర్నరీ యూనివర్సిటీ, వ్యవసాయ కళాశాల, స్విమ్స్, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం, ఏర్పేడు వైపు ఐఐటీ, ఐజర్. ఇన్ని రకాల స్కాలర్లు ఒక సిటీ బస్సు దూరంలో దొరికే ఊళ్లు ఎక్కువ లేవు. పాకాల దగ్గర గాదంకిలో వాతావరణ పరిశోధన కోసం పెద్ద ఎంఎస్‌టీ రాడార్ ఉన్న జాతీయ ప్రయోగశాల కూడా మనకు దగ్గరే. ఫిజిక్స్ స్కాలర్లు బెంగళూరు, చెన్నై వైపు చూసేముందు అక్కడి శాస్త్రవేత్తకు ఒక మర్యాదైన మెయిల్ రాసి చూడండి. మీరెవరు, ఏం చేస్తున్నారు, వాళ్ల నుంచి ఏం కావాలి అన్నవి ఐదు వాక్యాల్లో. నాకు తెలిసిన ఒక తమ్ముడికి ఇలాంటి మెయిల్‌కి జవాబు నాలుగోసారికి వచ్చింది, వచ్చాక మాత్రం పని ఆగలేదు.

చదవడానికి పేపర్లు దొరకవన్న ఇబ్బంది కూడా ఇప్పుడు తగ్గింది. కేంద్ర ప్రభుత్వ పథకం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 2025 జనవరి నుంచి ప్రభుత్వ విద్యాసంస్థలకు సుమారు 13,000 జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. లైబ్రరీలో లాగిన్ ఎలాగో అడిగి తెలుసుకోండి. పాత థీసిస్‌ల కోసం శోధ్‌గంగ ఉండనే ఉంది. మీ అంశానికి దగ్గరగా ఉన్న మంచి థీసిస్ ఒకటి తీసి, అధ్యాయాలు ఎలా విడగొట్టారో మాత్రమే చూడండి. అదొక్కటే ఒక కోర్సు పెట్టు.

పాఠం చెప్పడం, తాటాకు చదవడం

బోధనకి రెండు దారులున్నాయి. ఒకటి డిపార్ట్‌మెంట్‌లో ట్యుటోరియల్, ఇంకొకటి బయట కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా. బయట డబ్బు వస్తుంది, కానీ వారానికి పదహారు గంటలు నెత్తిన పడితే థీసిస్ అటకెక్కుతుంది. పైగా ఫెలోషిప్ తీసుకునేవాళ్లకు బయట జీతం తీసుకోకూడదన్న షరతు ఉంటుంది. వారానికి నాలుగు గంటల ట్యుటోరియల్‌కే నా ఓటు. ఆ క్లాసులో వెనక బెంచీ పిల్లాడు "మేడం, అర్థం కాలేదు" అన్నప్పుడు మీ సబ్జెక్టులో మీకే తెలియని చోటు బయటపడుతుంది.

నైపుణ్యం అనగానే అందరూ సాఫ్ట్‌వేర్ వైపు పరిగెడుతున్నారు. అదే నాకు నచ్చనిది. తెలుగు, సంస్కృతం, చరిత్ర స్కాలర్లకు మన ఊళ్లో ఎస్వీయూ ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్రాలు ఉన్నాయి. గ్రంథ లిపి చదవడం, పాత తెలుగు రాత పోల్చుకోవడం, రెండు ప్రతుల మధ్య పాఠభేదం గుర్తుపట్టడం నేర్పే పెద్దలు ఇంకా ఉన్నారు. అలాంటి స్కాలర్ ఒకరు పైథాన్ కోర్సులో చేరదామా అని అడిగితే, ముందు ఆ తాటాకు దగ్గరికి వెళ్లు నాయనా అంటాను. పైథాన్ పదేళ్ల తర్వాత కూడా నేర్చుకోవచ్చు. ఆ పెద్దల దగ్గర కూర్చునే అవకాశం పదేళ్ల తర్వాత ఉండకపోవచ్చు.

పార్ట్ టైం స్కాలర్లకు, ముఖ్యంగా స్కూళ్లలో, జూనియర్ కాలేజీల్లో పనిచేస్తూ చేస్తున్నవాళ్లకు, ఏడాదికి ఒక్కటే పెట్టుకోమంటాను. జూలైలో ఒక ఎన్‌పీటెల్ కోర్సు, లేదా ఎండాకాలం సెలవుల్లో ఒక శిబిరం. మిగతా ఆదివారాలు రాతకు వదలండి.

ఫుల్ టైం వాళ్లైతే నా వరస ఇలా ఉంటుంది. మొదటి ఏడాది కోర్స్ వర్క్, జొటెరో, పునాది లేకపోతే ఒక స్టాటిస్టిక్స్ కోర్సు, అంతే. రెండో ఏడాది ఒక ట్యుటోరియల్ క్లాసు, డేటా వచ్చాక పది రోజుల శిబిరం. మూడో ఏడాది నుంచి ఆదివారం కూటమి, నిజానికి అది మొదటి ఏడాదే మొదలుపెట్టినా మంచిదే. ఆఖరి ఆరు నెలల్లో మాత్రం ఎవరు ఎంత మంచి కోర్సు చూపించినా చేరకండి. అప్పుడు కోర్సు మీద మనసు పోతోందంటే చాలాసార్లు రాత మీద భయమే కారణం.

ఆ రోజు టీ కొట్టు దగ్గర ఆ అమ్మాయి 40 వేల కోర్సు స్క్రీన్‌షాట్ నా ముందే తీసేసింది. రెండు రోజుల వర్క్‌షాప్‌కి వెళ్లింది, భోజనం టైంలో తన ఫారాలు పది చూపించి వచ్చింది. కోడింగ్ షీట్ (ఫారాల్లోని జవాబులకు అంకెలిచ్చే పట్టిక) ఎలా వేయాలో అక్కడొక సార్ చెప్పారట. ఎన్‌పీటెల్ వచ్చే బ్యాచ్‌కి పేరు నమోదు చేసుకుంది. గైడ్ సార్ దగ్గరికి ఒంటరిగా వెళ్లడానికి ఇంకా జంకుతోంది. అందుకని ముందు మా ఆదివారం కూటమికి రమ్మన్నాం, ఇప్పుడు అక్కడ కూర్చునేది కొత్త బ్యాచ్ స్కాలర్లు, నేను అప్పుడప్పుడు వెళ్తాను. పోయిన వారం ఆమె తెచ్చిన పట్టికలో ఏడో వరసలో మొత్తం 100కి బదులు 104 శాతం వచ్చింది. నలుగురూ కలిసి వెతికితే రెండు ఫారాలు రెండేసిసార్లు ఎక్కించినట్టు తేలింది. ఈ ఆదివారం సరిచేసిన పట్టికతో పాటు, దాని కింద రాసిన ఒక పేరా కూడా తెస్తానంది.